రాగి పట్టీ కింద

వనిత చేసే పని ఏందో వాళ్ల నాయిన నర్సింగానికి చాన రోజులు సమజ్ కాలేదు. ఆయన టైల్స్ వేసే మేస్త్రీ. చందుర్తి చుట్టుపక్కల ఊర్లల్ల ఎన్నో ఇండ్లకు ఫ్లోరింగు చేసిండు. బిడ్డ గురుకులంల చదివి, జగిత్యాలల డిగ్రీ చేసి, హైదరాబాద్ యూనివర్సిటీల పీహెచ్‌డీకి చేరిందని ఆయనకు తెలుసు. అది దేని మీదో అడిగితే మాత్రం చెప్పలేకపోయేటోడు.

ఒకసారి ఆమె సెలవులకు వచ్చినప్పుడు, ఆయన టైలు అంచులు నునుపు చేసే నల్ల రాయిని చేతుల పట్టుకొని అడిగిండు.

"నువ్వు చదివేది గిసోంటి రాయేనా బిడ్డా?"

"గిదే నాయినా. దీన్ని సిలికాన్ కార్బైడ్ అంటరు. నువ్వు వేసే టైలు, మనం తాగే చాయ్ కప్పు, గీ రాయి, అన్ని సిరామిక్ జాతివే. ఎంత వేడికైనా తట్టుకుంటయి, తుప్పు పట్టయి. అందుకే అణు రియాక్టర్లల్ల ఇంధనం చుట్టూ గిసోంటి సరుకును పొరలెక్క వాడుతరు."

"మరింక పరిశోధన ఎందుకు?"

"రియాక్టర్ల అణువు పగిలినప్పుడు దాని ముక్కలు మస్తు వేగంగ ఎగిరొచ్చి గీ రాయిల దిగుతయి. వాటినే బరువైన అయాన్లు అంటం. అవి పోయిన దారి పొంటి లోపలి అణువులను వాటి జాగల నుంచి నూకేస్తయి. పైకి రాయి గట్లనే కనబడ్తది. లోపల మాత్రం వరుసలు చెదిరిపోయి కొద్దికొద్దిగ ఉబ్బుతది, పెళుసుగ అయితది, ఒకనాడు బీటలు పడ్తది."

"ఎన్నేండ్లకు పడ్తదో ఎట్ల తెలుస్తది?"

"అన్నేండ్లు కూసోలేం కద. అందుకే అయాన్లను మేమే యంత్రంల ఉరికించి కొడ్తం. రియాక్టర్ల ఏండ్ల తరబడి తగిలే దెబ్బ, యంత్రంల కొన్ని గంటలల్ల తగుల్తది. అటెనుక లోపల ఏమైందో చూస్తం."

నర్సింగం ఆ రాయిని తిప్పి తిప్పి చూసిండు. "నేను పగలకుంట చూసుకుంట. నువ్వు పగలగొట్టి చూస్తవు" అన్నడు నవ్వుకుంట.

వనితకు ల్యాబుల అక్షిత అనే జూనియర్ ఉండేది. కోరుట్ల అవుతల ముత్యంపేట పిల్ల. వాళ్ల నాయిన జలపతి చాన ఏండ్లు మస్కట్‌ల క్రేన్ నడిపి, తిరిగొచ్చి పసుపు, మక్కలు పండిస్తున్నడు. ల్యాబుల అందరు ఇంగ్లీషుల మాట్లాడుతుంటే, మొదటి రోజు అక్షిత వనిత పక్కకు వచ్చి "అక్కా, నీ మాట మా దిక్కుదే" అన్నది. అప్పటి నుంచి ఇద్దరు కలిసే తిన్నరు, కలిసే పనిచేసిండ్రు.

ఇద్దరికి గైడు మంజుల మేడం. అయాన్లను ఉరికించే పెద్ద యంత్రం, యాక్సిలరేటర్, ఢిల్లీల ఉన్నది. దాని మీద పని చెయ్యాలంటే ముందు దరఖాస్తు పెట్టాలె, అటెనుక మస్తు రోజులు ఎదురుచూడాలె. వనిత వంతు వచ్చినప్పుడు మేడం అక్షితను కూడ తోడు పంపింది.

వాళ్లు రెండు డబ్బలల్ల గోరంత నల్ల ముక్కలు తీస్కపోయిండ్రు. రెండు డబ్బలల్లవి ఒక్క తీరుగనే పొడిని అచ్చు వోసి, కాల్చి చేసినవే. ఒక డబ్బలవి అప్పటికే దెబ్బతిన్నయి. వేరే ల్యాబుల నిదానంగ పోయే బంగారం అయాన్లతోని కొట్టి తెచ్చినవి. వాటిని ఊకె పోల్చి చూసుడానికి వెంట పెట్టుకున్నరు. రెండో డబ్బలవి తాజావి. వేగంగ పోయే వెండి అయాన్లతోని కొట్టాల్సింది వీటినే. చూస్తె రెండిట్ల ఏ తేడా కనబడది.

వనిత కంట్రోల్ రూముల అయాన్ల ధార, అదే బీమ్, ఎట్ల వస్తున్నదో చూస్తుంటే, అక్షిత ముక్కలను ఇత్తడి కడ్డీకి బిగించి యంత్రం లోపలికి పంపింది. పని మంచిగనే సాగింది. వాళ్ల వంతు అయిపోయింది, తర్వాతి బృందం సామాన్లతోని తలుపు కాడ నిలబడ్డది. అప్పుడు వనిత డబ్బలు సర్దుకుంట ఒకదాని మూత తీసింది.

"అక్షితా, తాజావి గీ డబ్బలనే ఉన్నయేంది?"

అక్షిత దగ్గరికొచ్చి చూసింది. లోపల తాజా ముక్కలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నయి. ముందే దెబ్బతిన్నవాట్ల ఒకటి రెండు తప్ప అన్నిటిని ఆమె మళ్ల యంత్రంల పెట్టింది.

వనిత డబ్బ మూత పెట్టి మంజుల మేడంకు ఫోన్ చేసింది. మేడం అంతా విని, "సరే, రండి. ఆ ముక్కలు మన లెక్కలోకి రావు, కానీ పారేయకండి" అన్నది.

తిరుగు రైల్ల వనిత కిటికీ దిక్కు తిరిగి కూసున్నది. అక్షిత రెండు మూడు సార్లు "అక్కా" అని పిలిచింది. "ఊ" అన్నదే గని, వనిత ముఖం తిప్పలేదు. తిట్టుడు ఆమెతోని కాదు. మాట్లాడుడు కూడ ఆ రోజు చేతకాలేదు. మళ్ల బీమ్ రావాలంటే వచ్చే ఏడాదే. అప్పటిదాక థీసిస్ ఆగిపోతది. చందుర్తిల అమ్మ బాలవ్వ "ఎప్పుడైపోతది బిడ్డా?" అని అడిగినప్పుడల్ల ఏం చెప్పాలె? గదే తల్ల తిరిగింది.

రామగుండం స్టేషన్ల అక్షిత బ్యాగు భుజానికి ఏసుకున్నది.

"ఇంటికి పోయొస్త అక్కా."

"సరే" అన్నది వనిత.

ఆ పోవుడు పోవుడే. వారం దాటినంక మేడంకు మెసేజ్ వచ్చింది, తను మానేస్తున్ననని. ఫోన్ చేస్తె స్విచాఫ్. వనితకు మొదలు కోపం వచ్చింది. ఏడాది నాది పోతే, మానేసేది ఆమెనా అనిపించింది. అటెనుక ఒకనాడు ఒక్కతే కూసొని తింటుంటే, రైల్ల ఆ పిల్ల "అక్కా" అని పిలిచిన తీరు యాదికొచ్చింది. కంచం పక్కకు జరిపి మళ్ల ఫోన్ చేసింది. ఇంకా స్విచాఫే.

ఆ తర్వాత కొన్ని రోజులకు లేజర్ యంత్రం మీద వనిత వంతు వచ్చింది. రాయి మీద లేజర్ వెలుగు వేసి, తిరిగొచ్చే వెలుగును చూస్తే లోపల అణువులు వరుసల ఉన్నయో చెదిరినయో ఆ యంత్రం చెప్తది. వరుసల ఉంటే తెర మీద గీత నిటారుగ శిఖరం లెక్క లేస్తది. చెదిరితే గీత చప్పబడి, వెడల్పు దిబ్బ లెక్క అయితది. చూసుడానికి వెండి అయాన్లు తగిలిన తాజా ముక్కలు లేవు. వంతు వదులుకుంటే ఇంకొకలకు పోతది. సరే, ఏమున్నయో అవే పెడ్తమని, రెండు సార్లు దెబ్బతిన్న ముక్కను పెట్టింది.

గీత దిబ్బ లెక్క వస్తదనుకున్నది. రెండు దెబ్బలు తిన్న రాయిల ఇంకేం మిగుల్తది? కని శిఖరం లేసింది. తాజా రాయిల లేసినంత ఎత్తు లేదు. కని లేసింది.

వనిత యంత్రాన్ని సరిచూసుకున్నది. ముక్కను తీసి మళ్ల పెట్టింది. మళ్ల అదే శిఖరం. అప్పుడు ఒక్క దెబ్బనే తిన్న ముక్కను, ఢిల్లీల డబ్బలనే మిగిలిపోయినదాన్ని, పక్కకు పెట్టి చూసింది. దానికి దిబ్బనే వచ్చింది. అంటే రెండో దెబ్బ తిన్నదే ఎక్కువ బాగున్నది.

మంజుల మేడం రూముకు ఉరికినట్టే పోయింది. మేడం గీతలు రెండు చూసి, కండ్లద్దాలు తీసి, మళ్ల పెట్టుకున్నది.

"వేగంగ పోయే అయాన్ దాని దారి పొంటి క్షణమంత కాలం మస్తు వేడి పుట్టిస్తది. ఆ వేడికి చెదిరిన అణువులు మళ్ల జాగల కూసుంటయి. విడి స్ఫటికాలల్ల ఇది ముందే వేరే దేశాలోళ్లు చూసిండ్రు. కాల్చి చేసిన మన సరుకుల, అందుట్ల మనం కలిపిన పాళ్లతోని అయితదని ఎవరూ చూపించినట్టు నాకు తెల్వది."

"అయితే మనం రాద్దామా మేడం?"

"తొందరపడకు. బీమ్ తగిలినప్పుడు ముక్క మొత్తం వేడెక్కిందేమో. అట్లయితే పొయ్యిల పెట్టినట్టే. పొయ్యిల పెడితే కొంత మానుతదని అందరికీ తెలుసు. అయాన్లే బాగు చేసినయని ఎట్ల చూపిస్తవు? ముక్కను ఎట్ల బిగించిండ్రు? వేడి బయటికి పోయే దారి ఉండెనా?"

వనిత అప్పుడు కంట్రోల్ రూముల ఉండె. బిగించింది అక్షిత.

"ఆ పిల్లనే అడగాలె" అన్నది మేడం.

వనిత శనివారం బస్సెక్కి సిరిసిల్లల దిగింది. తమ్ముడు సంజీవ్ అక్కడ బట్టలు నేసే సాంచాల కార్ఖానల పని చేస్తడు. షిఫ్టు దిగి బండి మీద ఆమెను చందుర్తికి తీస్కపోయిండు. తెల్లారి చర్చిల ప్రార్థన అయినంక, వనిత నాయినతోని ముత్యంపేటకు బయలెల్లింది. రుద్రంగి, కథలాపూర్ దాటి కోరుట్ల దాక ఎండ మంచిగనే కొట్టింది. దారి పొడుగూత చేన్లల్ల పసుపు తవ్వుతున్నరు, ఉడకబెట్టిన వాసన రోడ్డు దాక వస్తున్నది.

జలపతి ఇల్లు ఊరి చివరన ఉన్నది. గేటు కాడ నర్సింగం బండి ఆపి, దిగకుంట ఉన్నడు.

"నువ్వు పోయి మాట్లాడు బిడ్డా. నేను గీన్నే ఉంట."

వనితకు ఆ మాటల ఉన్నదంత అర్థమైంది. పిలవకుంట పటేండ్ల గడప తొక్కుడు నాయినకు అలవాటు లేదు. ఆమె ఏదో అనేలోపే లోపలి నుంచి జలపతి బయటికొచ్చిండు.

"ఎవలు కావాలె బిడ్డా?"

"అక్షిత వాళ్ల సీనియర్‌ను. వనిత. ఈయన మా నాయిన."

"వనితవా? మా పిల్ల నీ ముచ్చట్లే చెప్తది." జలపతి గేటు బార్ల తీసిండు. "అన్నా, బండి మీదనే కూసున్నవేంది? లోపలికి రా."

"పర్వలేదు పటేలా, గీడ నీడున్నది."

"పటేలా అనకన్నా. మస్కట్‌ల ఒక్క రూముల పది మందిమి పండుకున్నం, ఒక్క గిన్నెల తిన్నం. గివన్ని అక్కడ్నే ఇడిచిపెట్టి అచ్చిన. రా."

నర్సింగం తడబడుకుంటనే లోపలికి నడిచిండు. అక్షిత వాళ్లమ్మ సరిత కుర్చీలు ఏసింది. కొంచెం సేపటికి చాయ్ తెచ్చింది, అందరికి ఒక్క తీరు కప్పులల్లనే. నర్సింగం కప్పు అందుకొని కింద టైల్స్ దిక్కు చూసిండు. "ఎవలేసిండ్రు గని, మంచిగేసిండ్రు" అన్నడు. ఆ మాట మీద జలపతి తన ఇల్లు కట్టిన ముచ్చట మొదలు పెట్టిండు. ఇద్దరికి మాట కలిసింది.

"అక్షిత ఏది?" అని అడిగింది వనిత.

"ఇంటెనుక కళ్లంల ఉన్నది. సెలవులని చెప్పి అచ్చింది. సెలవులు ఇంకా అయితలేవు" అన్నది సరిత. ఆ గొంతుల అనుమానం ఉన్నది.

ఉడకబెట్టిన పసుపు కొమ్ములు కళ్లంల పరిచి ఉన్నయి. అక్షిత వాటిని చేతులతోని తిరగేస్తున్నది. వనితను చూసి లేసి నిలబడ్డది. చేతులు మోచేతుల దాక పసుప్పచ్చగ ఉన్నయి.

"నన్ను పిలవనీకి అచ్చినవా అక్కా?"

"పిలవనీకి అచ్చిన. అడగనీకి కూడ అచ్చిన." వనిత పసుపు పక్కన బండ మీద కూసున్నది. "ముందుగాల ఒక మాట. రైల్ల నేను నీతోని మాట్లాడకపోవుడు తప్పు."

"నీ ఏడాది వోయింది. నువ్వెట్ల మాట్లాడ్తవు?"

"పోలేదేమో. గది చెప్దామనే అచ్చిన."

వనిత ఫోన్ల రెండు గీతలు చూపించింది. అక్షిత చెయ్యి చున్నీకి తుడుచుకొని ఫోన్ అందుకున్నది. చానసేపు చూసింది.

"గిది ఏ ముక్కది?"

"నువ్వు మళ్ల పెట్టినదే."

"నేను మళ్ల రావాలెనని గిట్ల చెప్తున్నవా?"

"గీత నేను గీసింది కాదు. యంత్రం గీసింది."

అక్షిత ఫోన్ తెరను పెద్దగ చేసి ఆ శిఖరాన్ని మళ్ల చూసింది. ఇన్ని రోజుల తర్వాత ఆమె ముఖంల వనితకు తెలిసిన పిల్ల కనిపించింది. ప్రశ్న వచ్చినప్పుడు కనుబొమ్మలు దగ్గరికి చేసే పిల్ల.

"వేడికి మానిందేమో అక్కా. ముక్క మొత్తం వేడైతే?"

"మేడం కూడ గదే అడిగింది. ఎట్ల బిగించినవు?"

"వేడి బయటికి పోవాలని ఎనుక వెండి పేస్టు పెట్టిన. ముందు నుంచి సన్న రాగి పట్టీతోని అంచు మీద నొక్కి బిగించిన. జారిపోవద్దని." చెప్పుకుంట చెప్పుకుంట అక్షిత ఆగింది. "అక్కా, ఆ పట్టీ కింద అంచు ఉన్నది కద. బీమ్ దానికి తగలది, రాగి అడ్డముంటది. కని మొదటిసారి బంగారం అయాన్లతోని కొట్టినప్పుడు పట్టీ లేకుండె. ఎనుక నుంచే అతికిచ్చిండ్రు. అంటే ఆ అంచుకు మొదటి దెబ్బ తగిలింది, రెండోది తగల్లేదు."

వనిత బండ మీద నుంచి లేసింది. "ముక్క మొత్తం వేడెక్కి మానితే..."

"అంచు కూడ మానాలె. అయాన్లే మాన్పితే, అంచు మానొద్దు. ఆ అంచు చూసినవా?"

"లేదు. నడిమిట్లనే చూసిన. పట్టీ ఏ దిక్కు ఉండెనో నాకు తెల్వది."

"నాకు తెలుసు" అన్నది అక్షిత. "ఒక మూలకు చిన్నగ పెచ్చు లేసి ఉంటది. పట్టీ దానికి ఎదురుంగ ఉండె."

వనిత ఆ మాటను ఫోన్ల రాసుకున్నది. కళ్లం అవుతల ట్రాక్టర్ పోతున్న సప్పుడు వినిపించింది.

అన్నం కాడ అక్షిత జరిగిందంత చెప్పింది. సెలవులు కావని, మానేస్తనని మెసేజ్ పెట్టిందని. సరిత గంటె పట్టుకొని అట్లనే నిలబడ్డది. జలపతి తినుడు ఆపిండు.

"గిన్ని రోజులు మాకెందుకు చెప్పలే బిడ్డా?"

"చెప్తే నువ్వు బాధ పడ్తవని."

"చెప్పకుంటే పడనా? పొద్దుగాల లేస్తే పసుపు కాడ, మాపు దాక పసుపు కాడ. నోట మాట లేదు. నేను చూస్తలేనా?" ఆయన గొంతు తగ్గిచ్చిండు. "ఇప్పుడేమంటవు? పోతవా?"

అక్షిత వనిత దిక్కు చూసింది. "పోత నాయినా. ఒక అంచు చూసేదున్నది."

తెల్లారి అక్షిత కోరుట్లల బస్సెక్కింది. వనిత చందుర్తి నుంచి వచ్చి సిరిసిల్ల బస్టాండుల కలిసింది. హైదరాబాద్ దాక ఇద్దరు ఒక్క సీట్లనే కూసున్నరు. అక్షిత కాగితం మీద ముక్క బొమ్మ గీసి, పట్టీ ఎక్కడుండెనో చూపెట్టింది. సగం దారిల ఆమె వనిత భుజం మీద నిద్రపోయింది.

లేజర్ యంత్రం మీద మళ్ల వంతు దొరికేదాక ఆగాల్సి వచ్చింది. ఆ రోజు మంజుల మేడం కూడ వచ్చి ఎనుక నిలబడ్డది. అక్షిత పెచ్చు లేసిన మూలను గుర్తుపట్టి ముక్కను తిప్పి పెట్టింది. నడిమిట్ల నుంచి అంచు దిక్కు కొంచెం కొంచెం జరుపుకుంట లేజర్ వేసిండ్రు. నడిమిట్ల శిఖరం ఉన్నది. ఇంకొంచెం జరిపినా ఉన్నది. ఇంకొంచెం జరిపిండ్రు, ఉన్నది.

"అంచు కూడ మానినట్టే ఉన్నది" అన్నది వనిత.

"ఇంకా పట్టీ దాక పోలేదు అక్కా. జరుపు."

మళ్ల జరిపిండ్రు. శిఖరం కుంగింది. ఆ తర్వాతి చుక్క కాడ గీత చప్పబడి దిబ్బ అయింది. అక్కడి నుంచి అంచు చివరి దాక దిబ్బనే. రాగి పట్టీ ఎక్కడిదాక ఉండెనో, అక్కడిదాక రాయి చెదిరే ఉన్నది.

మంజుల మేడం కుర్చీ గుంజుకొని కూసున్నది. "ఒక్క ముక్క చాలదు. మిగతావన్నీ ఇట్లనే చూడండి. ఆ తర్వాత రాద్దాం. ఇద్దరి పేర్లు పెట్టండి. డబ్బలు మారినయన్నది కూడ దాచకుండ రాయండి."

మిగతావి కూడ చూసిండ్రు. చానవాటికి అదే తీరు వచ్చింది. సైన్సు పత్రికకు పేపర్ రాసి పంపితే, ఇంకోసారి కావాలని చేసి చూపెట్టుమని తిరిగొచ్చింది. దానికి మళ్ల బీమ్ కావాలె. ఏడాది ఎదురుచూసి ఇద్దరు మళ్ల ఢిల్లీ పోయిండ్రు. ఈసారి ముక్కలను తక్కువ దెబ్బవి, ఎక్కువ దెబ్బవి అని తీరుతీరుగ తయారు చేసుకొని పోయిండ్రు. తక్కువ దెబ్బతిన్నవి చాన మటుకు మానినయి. వరుసలు పూర్తిగ చెదిరిపోయినవి మాత్రం మానలేదు. పేపర్ అచ్చయింది. వనిత థీసిస్ రాసుడు మొదలు పెట్టింది. మానని ముక్కలను అక్షిత తన పనికి తీసుకున్నది.

ఎండకాలంల జలపతి ఏదో పని మీద హైదరాబాద్ వచ్చి, బిడ్డ ల్యాబు చూస్తనన్నడు. అక్షిత ఆయనను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ తెర ముంగట కూసోబెట్టింది. వనిత పక్కన నిలబడ్డది. తెర మీద మానిన రాయి లోపలి బొమ్మ ఉన్నది. చుక్కలు చుక్కలుగ, వరుసలు వరుసలుగ.

"నాటేసిన మడి లెక్క ఉన్నది" అన్నడు జలపతి.

అక్షిత ఇంకో బొమ్మ పెట్టింది. అందుట్ల వరుసలు లేవు. బూడిద రంగు మసక, అంతే.

"గిది?"

"పూర్తిగ చెదిరిన ముక్క నాయినా. మానలేదు."

జలపతి రెండు బొమ్మలను మార్చి మార్చి చూసిండు. "గిది మానదా ఇంక?"

"ఊకె కొడితే మానలేదు. జర వేడి చేసుకుంట కొడితే ఏమైతదో ఇంకా చూడలే." అక్షిత తెర మీద మసక అంచు కాడికి వేలు పెట్టింది. "గీ అంచున చూడు. మంచి వరుసకు ఆనుకొని ఉన్నకాడ ఒకటి రెండు చుక్కలు వరుసల కుదురుకున్నట్టు ఉన్నది. నిజమో, నాకే అట్ల కనబడ్తున్నదో తెల్వది. వచ్చే నెల చూస్తం."

జలపతి కండ్లు చిన్నగ చేసి తెర దగ్గరికి వంగిండు. వనిత కూడ వంగి చూసింది.